అడిగే తీరు, చెప్పే తీరు: ఔత్సాహిక రేడియో సంప్రదాయంలో ప్రశ్నోత్తర చరిత్ర

ఉపోద్ఘాతం

శాస్త్ర విజ్ఞాన వాఙ్మయ చరిత్రను పరిశీలించేటప్పుడు గ్రంథాలు, పత్రికలు, పారిభాషిక పదకోశాలు ప్రధాన ఆధారాలుగా నిలుస్తాయి. చేతిపనితో ముడిపడిన విజ్ఞానానికి ఈ ఆధారాలు మాత్రమే చాలవు. రేడియో, ఎలక్ట్రానిక్స్ పరికరాలను జీవనోపాధి కోసం కాక ఇష్టం కొద్దీ తయారు చేసుకునేవారి మధ్య శతాబ్దానికి పైగా ఒక బోధనారూపం నడుస్తూ వచ్చింది. కొత్తగా నేర్చుకునేవారు అడిగే ప్రశ్న, అనుభవం గల పెద్ద ఇచ్చే సమాధానం - ఇవి రెండూ కలిసినదే ఆ రూపం. పటంలో చూపినట్లే తీగలన్నీ కలిపినా రేడియో పలకకపోతే దోషం ఎక్కడ ఉందో ఏ పుస్తకమూ నేరుగా చెప్పదు. పుస్తకం అన్ని పరికరాలకూ వర్తించే సూత్రాన్ని చెబుతుంది. పెద్ద ఆ ఒక్క పరికరం గురించి చెబుతాడు.

ఈ ప్రశ్నోత్తర సంప్రదాయం ఎలా ఏర్పడింది, అది భారతదేశానికీ తెలుగు ప్రాంతానికీ ఏ దారిన చేరింది, తెలుగులో ఆ సలహా ఏ వాక్యరూపం ధరిస్తుంది అనే మూడు అంశాలు ఈ వ్యాసానికి విషయం. తెలుగులో సాంకేతిక భాషా నిర్మాణం ఎక్కువగా నామపదాల చుట్టూ సాగింది. చేతిపనికి సంబంధించిన విజ్ఞానం మాత్రం నామపదాలలో కంటే క్రియాపదాలలో, సలహా వాక్యాలలో ఎక్కువగా నిలిచి ఉంటుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం.

పత్రికలలో ప్రశ్నోత్తర శీర్షిక

ఇంట్లో రేడియో తయారు చేసుకోవడం సామాన్యులకు సాధ్యపడటానికి స్ఫటిక గ్రాహకం ముఖ్యకారణం. గలీనా అనే సీసపు ఖనిజ స్ఫటికంతో విద్యుత్తరంగాలను గుర్తించే పరికరానికి జగదీశ్‌చంద్ర బోస్ 1901లో అమెరికాలో దరఖాస్తు చేశారు. 1904లో ఆయనకు పేటెంటు లభించింది. తరువాతి సంవత్సరాలలో స్ఫటిక గ్రాహకం ఔత్సాహికుల చేతికి వచ్చింది. దానికి బ్యాటరీ అవసరం లేదు. తీగచుట్ట, స్ఫటికం, చెవికి పెట్టుకునే హెడ్‌ఫోన్, ఏరియల్, ఎర్తు ఉంటే చాలు. కానీ స్ఫటికం మీద సన్నని తీగ మొనను ఆనించే చోటు అంతటా ఒకేలా పనిచేయదు. పనిచేసే బిందువును వెతికి పట్టుకోవాలి. మొనను ఎంత ఒత్తిడితో ఆనించాలో, ధ్వని వినిపించగానే చేతిని ఎలా వెనక్కి తీయాలో పటంలో గీయడం సాధ్యం కాదు. ఈ పనిలో తొలినాటి నుంచే అచ్చు పుస్తకానికి ఒక హద్దు ఏర్పడింది.

ఆ హద్దును దాటడానికి పత్రికలు ప్రశ్నోత్తర శీర్షికను ఆశ్రయించాయి. హ్యూగో గెర్న్స్‌బాక్ అమెరికాలో 1908లో ‘మోడర్న్ ఎలక్ట్రిక్స్’, 1913లో ‘ది ఎలక్ట్రికల్ ఎక్స్‌పెరిమెంటర్’ పత్రికలను ప్రారంభించారు. పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చే శీర్షికకు ఆయన పత్రికలలో ‘ది ఒరాకిల్’ అనే పేరు వాడారు. ఒరాకిల్ అంటే ప్రాచీన గ్రీకుల దైవవాణి. ఈ పేరులోనే ఆ శీర్షిక స్వభావం తెలుస్తుంది. ప్రశ్నించేవాడు కింద, సమాధానం చెప్పేవాడు పైన ఉంటారు. సమాధానం చెప్పే వ్యక్తి కనిపించడు. అతనికి ఎదురు ప్రశ్న వేసే వీలు ఉండదు. ఇంగ్లండులో ఎఫ్. జె. క్యామ్ సంపాదకత్వంలో 1932లో మొదలైన ‘ప్రాక్టికల్ వైర్‌లెస్’ వంటి పత్రికలు కూడా సొంతంగా రేడియో తయారు చేసుకునే పాఠకులను ఉద్దేశించినవే.

పత్రికా శీర్షికకు సహజమైన లోపం ఒకటి ఉంది. దోషాన్ని కనిపెట్టే పని ఒకే ప్రశ్నతో ముగియదు. ‘వోల్టేజి ఎంత వచ్చింది?’ అని పెద్ద తిరిగి అడగాలి. వచ్చిన జవాబును బట్టి రెండో ప్రశ్న పుడుతుంది. అచ్చులో ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క సంచిక కావాలి. అందువల్ల ప్రశ్నోత్తర రూపం పూర్తిగా ఎదగడానికి పత్రికకు వెలుపల ఒక సమాజం అవసరమైంది. ఔత్సాహిక రేడియో సంఘాలు ఆ అవసరాన్ని తీర్చాయి.

‘ఓల్డ్ మ్యాన్’ నుంచి ‘ఎల్మర్’ దాకా

అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో 1914లో హైరమ్ పెర్సీ మాక్సిమ్, క్లారెన్స్ టస్కా కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించారు. ఒక వాక్యూమ్ ట్యూబు కొనుగోలుకు సంబంధించిన సందేశాన్ని పొరుగు నగరానికి నేరుగా పంపలేక, మధ్యలో ఉన్న మరొక ఔత్సాహికుని సాయంతో అందించవలసి వచ్చిన అనుభవం నుంచి మాక్సిమ్‌కు ఈ ఆలోచన కలిగింది. సంస్థ పేరులోని ‘రిలే’ అనే మాటకు మూలం అదే. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించడం ఈ సమాజానికి పుట్టుకతో వచ్చిన లక్షణం. 1915 డిసెంబరులో ఈ సంస్థ పత్రిక ‘క్యూఎస్‌టీ’ వెలువడింది.

1917 జనవరి నుంచి ఆ పత్రికలో ‘ది ఓల్డ్ మ్యాన్’ అనే మారుపేరుతో హాస్య వ్యాసాలు వచ్చాయి. వాటిలో వక్త చిరాకు పడే ఒక ముసలి ఔత్సాహికుడు. ఎదుటివారి సంకేతాలకు అడ్డుతగిలేవారినీ, అజాగ్రత్తగా ప్రసారం చేసేవారినీ అతడు దెప్పిపొడుస్తాడు. రాసినది మాక్సిమే అన్న సంగతి 1936లో ఆయన మరణించిన తరువాతే లోకానికి తెలిసింది. ఆ వ్యాసాలు మొదలైనప్పుడు మాక్సిమ్ వయస్సు యాభైకి లోపే. అంటే ‘ముసలివాడు’ ఇక్కడ వయస్సు కాదు, ఒక పాత్ర. సంఘ మర్యాదను పెద్దరికపు గొంతుతో చెప్పడానికి కల్పించిన పాత్ర.

ఔత్సాహికుల వాడుకలో ‘ఓల్డ్ మ్యాన్’ అనే మాటకు ఇంకొక ప్రయోజనం కూడా స్థిరపడింది. దాని సంక్షిప్త రూపమైన ‘ఓఎం’ పురుష ఔత్సాహికులందరికీ సంబోధన అయింది. పదహారేళ్ల కుర్రవాడూ ఓఎం, డెబ్బయ్యేళ్ల ఇంజనీరూ ఓఎం. దైవవాణి శీర్షికలోని ఎత్తుపల్లాలు ఈ సంబోధనలో లేవు. అందరినీ పెద్ద అని పిలవడం వల్ల పెద్దరికం అందరికీ పంచిపెట్టినట్లయింది. స్త్రీలకు మాత్రం వయస్సుతో పనిలేకుండా ‘యంగ్ లేడీ’ అనే అర్థమిచ్చే ‘వైఎల్’ సంబోధన ఏర్పడింది. జ్ఞానానికి చిహ్నమైన వార్ధక్యం పురుషులకూ, యౌవనం స్త్రీలకూ కేటాయించిన ఈ పంపకం ఆ సమాజపు అసమానతను స్పష్టంగా చూపుతుంది.

కొత్తవారికి నేర్పే పెద్దకు ప్రత్యేకమైన పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1971 మార్చి ‘క్యూఎస్‌టీ’లో రాడ్ న్యూకర్క్ తన శీర్షికలో ఎల్మర్ ఫ్రోహార్ట్ అనే అనుభవజ్ఞుని స్మరిస్తూ, ఎందరికో దారి చూపిన అటువంటివారిని ‘ఎల్మర్లు’ అన్నారు. ఆ వ్యక్తినామం క్రమంగా జాతివాచకమైంది. దానంతట అదే క్రియ కూడా అయింది. నేర్పడాన్ని ‘ఎల్మరింగ్’ అంటున్నారు. తెలుగులో భగీరథుని పేరు ‘భగీరథ ప్రయత్నం’ అనే వాడుకలో పట్టుదలకు గుర్తుగా నిలిచినట్లే, ఇక్కడ ఒక మనిషి పేరు ఒక గుణానికి గుర్తుగా మిగిలింది.

ప్రశ్నకూ జవాబుకూ ఒకే మాట

ఔత్సాహికుల సంభాషణకు ప్రశ్నోత్తర స్వభావం ఎంత మౌలికమో వారు వాడే క్యూ సంకేతాలలో కనిపిస్తుంది. ఈ సంకేతాలు మొదట ఓడలకూ తీరకేంద్రాలకూ మధ్య తంతిరహిత వార్తల కోసం బ్రిటిష్ యంత్రాంగం రూపొందించినవి. 1912 నాటి లండన్ అంతర్జాతీయ సమావేశం తరువాత అవి ప్రపంచమంతటా వ్యాపించాయి. ప్రతి సంకేతమూ క్యూతో మొదలయ్యే మూడక్షరాల మాట. దాని వెంట ప్రశ్నార్థకం ఉంటే అది ప్రశ్న, లేకపోతే సమాధానం. ‘క్యూఆర్‌ఎం’ను ప్రశ్నగా పంపితే ఇతర ప్రసారాల వల్ల మీకు అడ్డు కలుగుతున్నదా అని అర్థం. ప్రశ్నార్థకం లేకుండా పంపితే నాకు అడ్డు కలుగుతున్నది అని అర్థం. ‘క్యూఎస్‌ఎల్’ ప్రశ్నగా సందేశం అందినట్లు ధ్రువీకరిస్తారా అని అడుగుతుంది. జవాబుగా అందినట్లు ధ్రువీకరిస్తున్నాను అంటుంది.

భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది విశేషమైన ఏర్పాటు. తెలుగులో ‘వచ్చాడు’, ‘వచ్చాడా’ అనే జంటలో క్రియారూపం ఒకటే, చివరి ‘ఆ’ మాత్రమే ప్రశ్నను సూచిస్తుంది. అయితే సంభాషణలో ‘వచ్చావా’ అన్న ప్రశ్నకు ‘వచ్చాను’ అనే జవాబు రావాలంటే పురుష ప్రత్యయం మారాలి. క్యూ సంకేతంలో ఆ మార్పు కూడా లేదు. అడిగేవాడి మాటే చెప్పేవాడి మాట అవుతుంది. పరస్పర భాష తెలియని ఇద్దరు సముద్రానికి అటూ ఇటూ ఉండి ఒకరి సాంకేతిక స్థితిని ఒకరు అడిగి తెలుసుకోగలగడం ఈ పొదుపు వల్లనే సాధ్యమైంది.

భారతదేశంలో

భారతదేశంలో తొలి ఔత్సాహిక రేడియో లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తుకు లభించినట్లు ఈ రంగ చరిత్ర నమోదు చేసింది. అదే సంవత్సరం ముకుల్ బోస్‌కు కూడా లైసెన్సు వచ్చిన తరువాతే దేశంలో ఔత్సాహికుల మధ్య రెండువైపుల సంభాషణ సాధ్యమైంది. ఈ విద్యలో ఒక్కడే ఉన్నప్పుడు పరికరం మాత్రమే ఉంటుంది, సంప్రదాయం ఉండదు. అడగడానికీ చెప్పడానికీ రెండో మనిషి రావాలి.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే ఔత్సాహికులు తమ ప్రసార పరికరాలను పోలీసులకు అప్పగించవలసి వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత 1948లో మౌ పట్టణంలోని సైనిక సిగ్నల్స్ పాఠశాలలో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఆరంభమైంది. లైసెన్సు పరీక్షలనూ ప్రసార నియమాలనూ 1978 నాటి ఔత్సాహిక సేవా నియమావళి క్రమబద్ధం చేసింది. పరీక్షలో నెగ్గడానికి సిద్ధాంతమూ, నియమాలూ, పై స్థాయి లైసెన్సుకు మోర్సు సంకేతాలూ నేర్వాలి. కానీ పరీక్ష నెగ్గిన చేతికి పరికరం దానంతట అది రాదు. దిగుమతి ఆంక్షలు గట్టిగా ఉన్న ఆ దశాబ్దాలలో చాలామంది ఔత్సాహికులు తమ ప్రసారిణిని తామే తయారు చేసుకున్నారు. విదేశీ పత్రికలోని పటంలో సూచించిన ట్రాన్సిస్టరు ఇక్కడి దుకాణంలో దొరకదు. దానికి బదులు ఏది సరిపోతుందనేది ఆనాటి ముఖ్యమైన ప్రశ్నలలో ఒకటి. దానికి జవాబు చెప్పగలిగినవాడు పెద్ద. 1969లో ఢిల్లీ నుంచి మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యు’ పత్రిక ఇక్కడి పరిస్థితికి తగిన వలయాలను అచ్చు వేసింది. అయితే అది ఇంగ్లీషు పాఠకులకే పరిమితమైంది.

తెలుగు నేల మీద

ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కాలంలో, 1924లో, సి. వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడి ప్రసారాలు చేసింది. ఆర్థిక ఇబ్బందులతో 1927లో ఆగిపోయింది. దాని పరికరాలను మద్రాసు కార్పొరేషన్ తీసుకొని 1930లో ప్రసారాలు ప్రారంభించింది. దక్షిణాదిలో ప్రభుత్వ ప్రసారానికి ముందు నడిచింది ఔత్సాహికులే అన్నది దీనివల్ల స్పష్టమవుతుంది.

హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమైంది. ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో బృందంతో అండమాన్ దీవులకు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రసారాలు చేస్తున్నారు. డిసెంబరు 26న సునామీ వచ్చి సాధారణ సమాచార సాధనాలు తెగిపోయినప్పుడు ఆ కేంద్రమే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమసమాచారాన్ని చేరవేసింది. కాలక్షేపంగా కనిపించే విద్యకు ఉన్న సామాజిక విలువను ఆ ఘటన చూపింది. మంచి వాతావరణంలో అడిగి నేర్చుకున్నదే విపత్తు నాడు అక్కరకు వచ్చింది. ‘వైఎల్’ అనే సంబోధన చాటున దాగిన అనుభవానికి కూడా అది గుర్తింపు తెచ్చింది.

హైదరాబాదుకే చెందిన అష్‌హర్ ఫర్హాన్ 2000ల తొలి సంవత్సరాలలో రూపొందించిన ‘బిట్ఎక్స్’ అనే పరికరం ఈ చరిత్రలో మరొక ముఖ్యఘట్టం. 14 మెగాహెర్ట్జ్ పట్టీలో కొద్ది వాట్ల శక్తితో మాటను ప్రసారం చేసి, తిరిగి స్వీకరించే పరికరమిది. దాని రూపకల్పనలో ప్రధాన నియమం మామూలు బజారులో దొరికే భాగాలతోనే కట్టగలగడం. ప్రత్యేకమైన ఫెర్రైట్ వలయాలకు బదులుగా కుళాయిలకు వాడే వాషర్ల మీద తీగ చుట్టి తీగచుట్టలు చేసుకునే పద్ధతిని అందులో సూచించారు. ఇది పూర్వపు పెద్దలు నోటితో చెప్పిన ‘దొరకకపోతే దీన్ని వాడు’ అనే సలహా ఒక రూపకల్పనగా మారడమే. కోఠిలోని గుజరాతీ గల్లీలో భాగాలు వెతుక్కునే విద్యార్థికీ, విదేశాల్లో ఉన్న ఔత్సాహికునికీ అది ఒకేలా ఉపయోగపడింది.

సలహా వాక్యపు తెలుగు

ఈ సలహాలు తెలుగులో ఎలా ఉంటాయో మూడు సాంకేతిక సందర్భాల ద్వారా పరిశీలించవచ్చు.

మొదటిది అతుకు పెట్టడం. సోల్డరింగ్‌కు తెలుగులో ‘టంకం’ అనే పాత మాట ఉంది. కంసాలి వెలిగారం చల్లి టంకం వేస్తాడు. వెలిగారం లోహం మీది మకిలిని కరిగించి అతుకు పారేటట్లు చేస్తుంది. రేడియో పనిలో ఆ పాత్ర రోజిన్‌ది. ఇనుమును లోహానికి ఆనించి, వేడెక్కిన లోహం మీద తగరం కరగనివ్వాలి. ఇనుము మీద కరిగించి పూయకూడదు. పూసిన అతుకు పైకి నిండుగా కనిపించినా లోపల పట్టదు. ఇంతవరకు కంసాలి అనుభవం, కళాయి వేసేవారి అనుభవం దారి చూపుతాయి. ఆ తరువాత పెద్ద ఒక హెచ్చరిక చేయాలి. పాత్రలకు కళాయి వేసేవారు వాడే నవసాగరం రేడియో పనికి పనికిరాదు. అతుకు బాగా పడుతుంది గానీ మిగిలిన లవణం సన్నని రాగితీగను నెలల తరబడి తినివేస్తుంది. టంకం అనే మాటను పదకోశంలో చేర్చడం ఎంత సమంజసమో, ఆ మాట వెంట వచ్చే పాత అలవాటును ఎక్కడ ఆపాలో చెప్పడం అంత అవసరం. రెండో పని పదకోశం చేయలేదు.

రెండోది ఏరియల్ పొడవు. 143ను మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే అర్ధతరంగ ఏరియల్ పొడవు సుమారుగా మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు అది దాదాపు 20.1 మీటర్లు. పుస్తకం ఇక్కడ ఆగుతుంది. ఏరియల్ ఎత్తు, పక్కనున్న చెట్టు, మేడమీది ఇనుప చువ్వలు ఈ లెక్కను మార్చివేస్తాయి. అందుకే అనుభవజ్ఞుడు ‘కొంచెం ఎక్కువే ఉంచుకో, కట్టి చూసుకో, తరువాత రెండు వైపులా సమంగా కత్తిరించుకో’ అంటాడు. ఈ మూడు క్రియల్లోనూ ‘కొను’ ధాతువు సహాయకంగా వచ్చింది. పని ఫలితం చేసేవానికే చెందుతుందనీ, ఆ పనిని అతడే చేయాలనీ అది సూచిస్తుంది. పాఠ్యపుస్తకం ‘తీగ కత్తిరించబడుతుంది’ అనే కర్మణి రూపాన్ని ఆశ్రయించినప్పుడు కర్త అదృశ్యమవుతాడు. కర్తతో పాటు బాధ్యత కూడా అదృశ్యమవుతుంది.

మూడోది దోష నిర్ధారణ. కరెంటుతో నడిచే సెట్టును బాగుచేశాక నేరుగా ప్లగ్గులో పెట్టకుండా, మామూలు ఫిలమెంటు బల్బును సిరీస్‌లో కలిపి పరీక్షించడం భారతదేశపు మరమ్మతు దుకాణాలలో ప్రసిద్ధమైన పద్ధతి. బల్బు నిండుగా వెలిగి అలాగే నిలిస్తే లోపల షార్టు ఉన్నట్లు. ఒక్కసారి వెలిగి మందగిస్తే సెట్టును ముందుకు పరీక్షించవచ్చు. బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టర్ సెట్టులో అయితే వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలికి స్క్రూడ్రైవర్ మొన తాకించినప్పుడు స్పీకరులో గరగర వినిపిస్తే, దాని తరువాతి భాగం బాగున్నట్లు. ఒక్క తాకుడుతో సెట్టు రెండు సగాలుగా విడిపోతుంది. అదే పరీక్షను కరెంటు సెట్టులో చేస్తే ప్రాణాపాయం. ఈ సలహాలన్నీ ‘-తే’ ప్రత్యయం మీద నడుస్తాయి: వెలిగితే ఇది, వెలగకపోతే అది. చేదర్థక వాక్యాల వరుసే ఇక్కడ దోష నిర్ధారణ పద్ధతి. ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం షరతు తొలగి నిషేధం వస్తుంది: ‘ఒక చెయ్యి జేబులో పెట్టుకో, రెండో చెయ్యి పెట్టకు’. రెండు చేతులూ తగిలితే విద్యుత్తు గుండె మీదుగా పోయే ప్రమాదం ఉంది కనుక, కారణం చెప్పడానికి ముందే ఆజ్ఞ చెప్పవలసి వస్తుంది.

ఈ వాక్యాలలో సంబోధన సమస్య కూడా ఇమిడి ఉంది. ఇంగ్లీషులోని ఓఎం వయోభేదాన్ని చెరిపివేస్తుంది. తెలుగు విధ్యర్థక క్రియ ‘చూడు’, ‘చూడండి’ అనే రెండింటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోకుండా సాగదు. అడిగేవారు ‘అన్నా’ అనో ‘గురువుగారూ’ అనో పిలవక తప్పదు. అందుచేత తెలుగులో సలహా ఎప్పుడూ ఒక బంధుత్వంలోకి ప్రవేశిస్తుంది. ఇది బలమూ, బలహీనతా కూడా. అన్న చెప్పినది శ్రద్ధగా వింటారు. అన్న పొరబడితే ఎదురు చెప్పడం కష్టమవుతుంది. ఈ చిక్కును విడదీసేది కొలత. మీటరు చూపిన సంఖ్య ముందు ‘చూడు’, ‘చూడండి’ రెండూ సమానమే.

అడగడానికి ముందు అర్హత సంపాదించడం భారతీయ ప్రశ్నోత్తర సంప్రదాయంలో కొత్తది కాదు. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాదుని దగ్గరకు రాగా, ఒక సంవత్సరం నియమంతో ఉండి ఆ తరువాత అడగమంటాడు. రేడియో పెద్దలు కోరే నియమం అంత దీర్ఘమైనది కాదు. బ్యాటరీ వోల్టేజి కొలిచి, పటం చేత పట్టుకొని, ఏమి చేశాక దోషం మొదలైందో చెప్పగలిగితే చాలు. అయితే సూత్రం ఒకటే: ప్రశ్నను సిద్ధం చేసుకోవడంలోనే సగం సమాధానం ఉంటుంది.

ముగింపు

తెలుగు అకాడమి 1968 నుంచి చేసిన కృషి వల్ల నిరోధకం, అర్ధవాహకం, ఏకధిక్కరణి, డోలకం వంటి మాటలు తరగతి గదికి అందాయి. పని బల్ల దగ్గర మాత్రం కండెన్సర్, కాయిల్, ఎర్తు, షార్టు వంటి మాటలే నిలిచాయి. ఈ రెండు జాబితాలలో ఏది శుద్ధమైనదనే చర్చ కంటే, ఈ మాటలను కలిపి పని చెప్పే వాక్యాలు ఎవరి దగ్గర ఉన్నాయనే ప్రశ్న ముఖ్యమైనది. అవి వాల్వులతో, ట్రాన్సిస్టర్లతో చేతులు కాల్చుకొని నేర్చుకున్న తరం దగ్గర ఉన్నాయి. చేతితో అతికించడానికి వీలు కానంత చిన్న భాగాలూ, బాగుచేయడానికి బదులు మార్చివేసే పరికరాలూ వచ్చాక ఆ వాక్యాలు పలికే సందర్భాలు తగ్గిపోతున్నాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో చేనేత పదాలతోనూ మాండలిక వృత్తి పదకోశాలను వెలువరించి, చేతిపనివారి భాష పరిశోధనకు తగిన వస్తువని నిరూపించారు. రేడియో మరమ్మతుదారులు, ఔత్సాహికుల భాషకు అదే గౌరవం దక్కాలి. అయితే అక్కడ పదసేకరణతో సరిపెట్టడం చాలదు. అడిగిన ప్రశ్న, తిరిగి వేసిన ప్రశ్న, షరతు, నిషేధం, సంబోధన - వీటన్నిటితో కూడిన పూర్తి సంభాషణను ధ్వనిముద్రణ చేసి లిప్యంతరీకరించాలి. అలా చేసినప్పుడు పదకోశంలో నామంగా మిగిలిన టంకం, దాన్ని ఎలా వేయాలో, దేనితో వేయకూడదో చెప్పే వాక్యంతో సహా తరువాతి తరానికి అందుతుంది.